మేం ఆటకత్తెలం

కిందటేడు ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు స్త్రీల మౌఖిక సంస్కృతి మీద సదస్సు పెడుతూ పత్రాలు పంపమన్నారు. అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడే స్త్రీల గురించి ఒక పేజీ సారాంశం రాసి పంపాను. పది రోజులకి జవాబొచ్చింది. పత్రం అంగీకరించాం, కాని దాన్ని బాలసాహిత్యం సమావేశంలోకి మార్చాం అని. పొరపాటేమో అనుకుని ఫోన్ చేశాను. అవతల మాట్లాడినావిడ నాకు పరిచయమున్న మనిషే. స్త్రీల సాహిత్యం మీద ఇరవయ్యేళ్ళుగా రాస్తున్నావిడ. "పిల్లల ఆటలే కదమ్మా, అక్కడైతే సరిగ్గా సరిపోతుంది" అంది. నేను నసుగుతుంటే "అయినా డాక్టరేట్ చేసినదానివి, రాయడానికి ఇదే దొరికిందా?" అని నవ్వింది కూడా. ఆ నవ్వులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. అందుకే నాకింకా మండింది.

మా అమ్మమ్మ ఎనభై రెండేళ్ళకి పోయింది. పోవడానికి రెండు నెలల ముందు కూడా మంచం మీద వామనగుంటల పీట పెట్టించుకుని నన్ను ఓడించింది. ఆవిడ ఏ వయసు బాలిక? పధ్నాలుగు గుంటలు. మా ఇంట్లో గుంటకి ఐదేసి చింతపిక్కలు, మొత్తం డెబ్బై. ఏ గుంట ఎత్తితే ఆఖరి పిక్క ఎక్కడ పడుతుందో, దాని పక్క గుంట ఖాళీగా ఉంటుందో ఉండదో, ఆ తర్వాతి గుంటలో ఎన్ని చేతికొస్తాయో చూపుతోనే లెక్కకట్టేది. ఒక్కోసారి ఎత్తబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఇంకో గుంట ఎత్తేది. అంటే రెండు దారులూ చివరిదాకా నడిచి వచ్చిందన్నమాట, మనసులోనే. బ్యాంకులో వేలిముద్ర వేసే మనిషి. ఈ లెక్కని 'పిల్లల ఆట' అనే వాళ్ళు ఒక్కసారి ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండాల్సింది.

ఆడు అనే క్రియా, ఆడ అనే మాటా పక్కపక్కనే ఉన్న భాష మనది. వాటికి చుట్టరికం ఉందో లేదో భాషాశాస్త్రజ్ఞులు చూసుకుంటారు. నాకు తెలిసిందల్లా ఒకటే. 'ఆటగాడు' అంటే మెచ్చుకోలు. మైదానంలో ఉన్నవాడికీ చెల్లుతుంది, పేకముక్కలు పట్టుకున్నవాడికీ చెల్లుతుంది. దానికి స్త్రీలింగం ఏమిటి? ఆటకత్తె. నిఘంటువు తీస్తే నాట్యం చేసే స్త్రీ. నలుగురి నోట్లో పడితే తిట్టు. ఆ మాటని తిట్టుగా మార్చినవాళ్ళెవరో, ఎప్పుడు ఎందుకు మార్చారో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. ఆటవెలదీ అంతే, ఛందస్సులో ఉన్నంతవరకే మర్యాద. ఆడే స్త్రీని గౌరవంగా పిలవాలంటే సంస్కృతంలోకి వెళ్ళి 'క్రీడాకారిణి' తెచ్చుకోవాలి. అదీ పతకం తెచ్చినప్పుడు. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయితే, 2011లో ద్రోణవల్లి హారిక అయితే, మనమందరం పొంగిపోయాం. పొంగాల్సిందే. కాని నేను మాట్లాడుతున్నది ఆ ఆట గురించి కాదు. ఊరికి పేరు తేని ఆట, ఇంటికి డబ్బు తేని ఆట, ఆరోగ్యానికి మంచిదని ఏ డాక్టరూ చీటీ రాసివ్వని ఆట. ఊరికే ఆడుకోవడం. పెద్దయిన స్త్రీ, పెళ్ళయినా కాకపోయినా, స్నేహితురాళ్ళతో కూర్చుని, ఏ సాకూ చెప్పకుండా, పొద్దుపోయేదాకా ఆడుకోవడం.

మగవాళ్ళ ఆటకి సాకు అక్కర్లేదు. చోటు కూడా ఉంది. రచ్చబండ రాతి మీద పులీ మేకా గీతలు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో ఎవరికీ తెలీదు. గుడి అరుగుల మీద కూడా చెక్కి ఉంటాయి. పేకాటకి క్లబ్బులున్నాయి, క్యారమ్స్‌కి టీకొట్టు పక్క షెడ్డు ఉంది. దేవుడికీ చోటుంది. తిరుమల వేంకటేశ్వరుడు హాథీరాం బావాజీతో పాచికలాడుతున్న పటం మనలో చాలామంది ఇళ్ళలో గోడ మీద ఉన్నదే. రాత్రిపూట గుడిలోంచి ఆట కోసం వచ్చిన ఆ దేవుణ్ణి "ఇంతసేపూ ఎక్కడికెళ్ళావు?" అని ఎవరూ అడిగినట్టు ఆ కథలో లేదు.

ఆడవాళ్ళకి? అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి ఆడుకోవచ్చు, ఉయ్యాలలూగొచ్చు. శివరాత్రినాడు జాగారం కోసం వైకుంఠపాళి పరుచుకోవచ్చు, ఎందుకంటే నిద్రపోతే వ్రతం చెడుతుంది. ఆట ఆడాలంటే ఆరోజు ఒంటి మీద వ్రతమో ఉపవాసమో ఉండాలి. కడుపునిండా తిన్న స్త్రీ మామూలు మంగళవారంనాడు గవ్వలు పట్టుకుంటే అది బద్ధకం, ఇల్లు పట్టనితనం. పురాణాల్లో పాచికలాడే పార్వతి ఉంది. ఎల్లోరా 21వ గుహలో ఆమె శివుడికి ఎదురుగా ఆటలో కూర్చుని ఉంటుంది. స్కాందపురాణంలో అయితే అతని ఒంటి మీది నగలేం ఖర్మ, గోచీ దాకా గెల్చుకుంటుంది. ఆమె మనకి ఆదర్శంగా రాలేదు. సభాపర్వంలో పందెంగా ఒడ్డబడిన ద్రౌపది వచ్చింది. ద్రౌపది వేసిన ప్రశ్న గురించి మనం వందల పేజీలు రాశాం, నేనూ రాశాను. పాచిక ఆమె చేతికి ఎందుకు రాలేదు అని మాత్రం అడిగిన గుర్తు లేదు.

అమ్మమ్మని ఒకసారి అడిగాను, అంత బాగా ఆడటం నీకెప్పుడు కుదిరింది అని. అత్తగారింట్లో పదకొండు మందికి వండేది. "ఆ మూడు రోజులూనూ" అంది. ముట్టయినప్పుడు పెరట్లో వసారా చివర ఒక గది. చాప, చెంబు, ఒక కంచం. ఎవరినీ ఏమీ ముట్టుకోకూడదు కాబట్టి ఏ పనీ చెయ్యకూడదు. నెలలో ఇరవై ఏడు రోజుల చాకిరీకి మూడు రోజుల అంటు. ఆ అంటులోనే ఆట. పక్కింటి కోడలిది కూడా ఇంచుమించు అవే రోజులైతే పండగే. మధ్యలో పిట్టగోడ. ఇవతల ఈవిడ బొగ్గుతో ఇరవై అయిదు గళ్ళు గీసుకునేది, అవతల ఆవిడ అవే గళ్ళు గీసుకునేది. ఎవరి గవ్వలు వాళ్ళు వేసి, పడ్డది గట్టిగా చెప్పుకుని, రెండు పటాల మీదా ఇద్దరి కాయలూ నడుపుకునేవాళ్ళు. "మరి అబద్ధం చెబితే?" అన్నాను. అమ్మమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "అబద్ధం చెప్పి గెలిస్తే మళ్ళీ నెల ఎవరితో ఆడతాను?" అంది.

ఈ కథని నేను రెండేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక. అంటరానితనాన్ని విశ్రాంతిగా చూపిస్తున్నావా అంటారని భయం. అది విశ్రాంతి కాదని నాకూ తెలుసు. కాని పనిచెయ్యని మనిషిగా కూర్చోవడానికి అపవిత్రం కావడం తప్ప ఆమెకి ఇంకో దారి లేకపోవడం ఒక నిజం. ఆ చెరలో కూర్చుని గోడ మీదుగా నవ్వుకున్నారన్నది ఇంకో నిజం. మొదటిదాన్ని మాత్రమే రాసుకుని రెండోది వదిలేస్తే అమ్మమ్మ సగమే మిగులుతుంది.

ఇదే సంగతి మా అనంతపురం స్నేహితురాలికి చెబితే ఇంకో సగం తెలిసింది. "మా అమ్మకి మూడు రోజుల సెలవెవరిచ్చారే? ఆ రోజుల్లోనూ కూలే" అంది. వాళ్ళమ్మ ఆడింది మధ్యాహ్నం గంజి తాగాక చెట్టుకింద, మేస్త్రీ మళ్ళీ కేకేసేలోపు, మట్టిలో గీసిన పులీమేకా. మూడు రాళ్ళు పులులు, పదిహేను రాళ్ళు మేకలు. ఏ ఒక్కరోజూ ఆట పూర్తి కాలేదట. మర్నాటికి గీతలు చెరిగిపోయేవి, ఎవరి రాయి ఎక్కడుందో మాత్రం గుర్తుండేది. అక్కడినుంచే మొదలుపెట్టేవాళ్ళు. మా అమ్మమ్మ గదీ, ఆవిడ చెట్టునీడా ఒకటి కాదు. మా ఇంట్లో ఆ మూడు రోజులూ గిన్నెలు తోమడానికి వచ్చిన మనిషి ఎప్పుడు ఆడుకుందో నేను అడగలేదు, అమ్మమ్మా చెప్పలేదు.

ఇక మా సంగతి. మేం నలుగురం. యూనివర్సిటీ హాస్టల్లో ఒకే వరసలో గదులు. చాక్‌పీసుతో నేల మీద గీసిన అష్టాచెమ్మా పటం మేం ఖాళీ చేసేదాకా చెరపలేదు, ఊడ్చే ఆమె కూడా చుట్టూ ఊడ్చి వెళ్ళేది. (అన్నట్టు 2008లో ఆ పేరుతో సినిమా వచ్చినప్పుడు నలుగురం ఎగేసుకుని వెళ్ళాం. అందులో ఆట కంటే ప్రేమ ఎక్కువ.) తర్వాత జరిగేది మీకు తెలిసిందే. ఒకరు అనంతపురంలో టీచరు, ఒకరు విశాఖ, ఒకరు పెళ్ళయి డల్లాస్. నేను హైదరాబాదులో ఉండిపోయాను. పెళ్ళి శుభలేఖలు, బారసాల ఫొటోలు, పుట్టినరోజు మెసేజీలు. ఆ తర్వాత అవి కూడా లేవు.

పెళ్ళయిన మగవాడికి స్నేహితులుంటారు. పెళ్ళయిన ఆడదానికి బంధువులుంటారు. ఇల్లు మారేది ఆమే కాబట్టి ముందు తెగేది ఈ తాడే. తెగిందని ఏడవడానికి కూడా మనకి పద్ధతి లేదు. భర్త దూరమైతే విరహం, దానికి పదాలున్నాయి, కీర్తనలున్నాయి. స్నేహితురాలు దూరమైతే దానికి పేరేమిటి? పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరే మర్చిపోతుంది. ఆమెకి పేరు తిరిగిచ్చేది భర్తా పిల్లలూ కాదు, చిన్ననాటి స్నేహితురాలు. ఆ కథని ఇంటిచాకిరీ కథగా, అస్తిత్వ కథగా పాఠాలు చెబుతూ ఉంటాం. అది స్నేహం కథ కూడా అని నేను చాలా ఆలస్యంగా గమనించాను.

2020లో అందరం ఇళ్ళలో పడ్డాక మొదటగా ఫోన్లో లూడో ఆడాం. దేశమంతా ఆడుతోంది. మన పచ్చీసునే ఇంగ్లండువాళ్ళు 1896లో లూడోగా పేటెంటు చేసుకున్నారని నేను ఉపన్యాసం మొదలుపెడితే "ముందు నీ వంతు ఆడవే" అని ముగ్గురూ అరిచారు. నెల తిరగకుండానే అది విసుగొచ్చింది. పాచిక మిషనే వేస్తుంది, కాయ మిషనే నడుపుతుంది, మనం వేలు ఆనించడమే. మాట్లాడుకోవడానికి సందుండదు. అప్పుడు అమ్మమ్మ పిట్టగోడ గుర్తొచ్చింది. నలుగురం నాలుగు అట్టముక్కల మీద గళ్ళు గీసుకున్నాం. వీడియో పెట్టుకుని ఎవరి గవ్వలు వాళ్ళు వేస్తాం. విశాఖ దానికి గవ్వలకి కొదవలేదు. డల్లాస్ ఆమె చింతపిక్కలు ఒకవైపు అరగదీసుకుంది. నా ఫోన్ నిలబడేది నా సిద్ధాంత గ్రంథం రెండు ప్రతుల మీద, దాన్ని ఇంతగా ఎవరూ వాడుకోలేదు. శనివారం రాత్రి తొమ్మిదికి నేను కూర్చుంటే డల్లాస్‌లో పొద్దున్న పదిన్నర, చలికాలమైతే తొమ్మిదిన్నర. ఒక్కోసారి గవ్వలు నేల మీద పడిన చప్పుడు ముందొచ్చి బొమ్మ తర్వాతొస్తుంది. ఆ అరక్షణంలో నలుగురం ఊపిరి బిగబడతాం.

అష్టాచెమ్మాలో ఒక నియమం ఉంది. ఎదుటివాళ్ళ కాయని ఒక్కదాన్నైనా చంపకుండా లోపలి గళ్ళలోకి పోవడానికి వీల్లేదు. మంచితనంతో బయట ఎన్ని చుట్లు తిరిగినా కాయ పండదు. మాలో అందరికంటే మెత్తని మనిషి, అత్తగారి మాటకి ఎదురు చెప్పిన పాపాన పోనిది, నా కాయ పంటకి రెండు గళ్ళ దూరంలో ఉండగా చంపి "పో, మొదట్నుంచి రా" అని చప్పట్లు కొట్టింది. ఆమె గొంతులో ఆ గెలుపు నేను పదిహేనేళ్ళ తర్వాత విన్నాను. మన పెంపకంలో ఓడిపోవడం బాగా నేర్పారు, ఓడించడం ఎవరు నేర్పారు?

ఇంకో శనివారం, గవ్వలు గుప్పిట్లో కదుపుతూ, పటం మీంచి తల ఎత్తకుండా, మాలో ఒకరు "ఆయన చెయ్యి చేసుకుంటున్నాడే" అంది. అని గవ్వలు వేసింది. చెమ్మ పడింది. ఎవరం కాయ కదపలేదు. మామూలుగా ఫోన్ చేసి బాగున్నావా అని అడిగితే బాగున్నాననే చెప్పి ఉండేదని తర్వాత తనే అంది. ఎదురెదురుగా కళ్ళలోకి చూసి చెప్పలేనివి, చేతిలో గవ్వలుంటే, వంతుకీ వంతుకీ మధ్య చెప్పొచ్చు. ఆ తర్వాత ఏం చేశామన్నది ఆమె సొంత విషయం, ఇక్కడ రాయను.

చూశారా, నేను కూడా ఆటకి ప్రయోజనం వెతుకుతున్నాను! ఒక స్త్రీ బాధ బయటపెట్టింది కాబట్టి ఆట మంచిదని ఒప్పించబోతున్నాను. మన రాతల్లో ఉన్న జబ్బే ఇది. మిగతా వంద శనివారాలు మేం ఎవరి కష్టాలూ చెప్పుకోలేదు. ఒకళ్ళనొకళ్ళం చంపుకున్నాం, దొంగాట అని అరుచుకున్నాం, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తెచ్చుకున్నాం. ఆ వందకీ విలువ లేదా?

నా పోట్లాట ఇక్కడే, మన వాళ్ళతోనే. స్త్రీల పాటలు మనకి పరిశోధనాంశాలయ్యాయి. వెల్చేరు నారాయణరావు గారి వ్యాసం 1991లో వచ్చాక స్త్రీల రామాయణపు పాటల్ని ప్రపంచమంతా చదివింది. మంచిదే. ఆ పాటలు పాడుకున్న నడవాలోనే వామనగుంటల పీట కూడా ఉంది. పాట విన్నవాళ్ళం పీట చూడలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చి, ఆడవాళ్ళని అడిగి చరిత్ర రాయడం నేర్పింది. ఆ దారిలో మా తరం ఎన్నో ఇంటర్వ్యూలు చేసింది. నా దగ్గరే నలభైకి పైగా టేపులున్నాయి. పెళ్ళి గురించి అడిగాను, కాన్పుల గురించి, దెబ్బల గురించి, కూలి గురించి, పోరాటం గురించి అడిగాను. "మీరేం ఆడేవాళ్ళు? ఎవరితో? ఎవరు గెలిచేవాళ్ళు?" అని ఒక్క టేపులోనూ అడగలేదు. బాధ పడిన స్త్రీ మనకి నమ్మదగిన సాక్షి. సరదాపడిన స్త్రీని చూస్తే మనకే అనుమానం, చైతన్యం తక్కువేమోనని. పితృస్వామ్యం ఆడదాన్ని పనితో కొలుస్తుందని తిడుతూనే మనం ఆమెని కష్టంతో కొలిచాం.

బయట ఇన్ని ఘోరాలు జరుగుతుంటే మీరు గవ్వలు వేసుకుంటున్నారా అని ఉద్యమంలో పనిచేసే ఒక మిత్రురాలు నిలదీసింది. ఆమె మీద నాకు గౌరవం ఉంది. కాని ఈ ప్రశ్న సాయంత్రం క్లబ్బుకెళ్ళే విప్లవ కవినో, ఆదివారం క్రికెట్ చూసే కార్యకర్తనో ఎవరైనా అడిగారా? జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88. ఐదేళ్ళ క్రితం 2019లో ఇవే అంకెలు 299, 97. అంటే మనకి పది నిమిషాలు తగ్గాయి, వాళ్ళకి తొమ్మిది. తగ్గిన ఆ పది నిమిషాలు ఎక్కడికెళ్ళాయో, అందులో ఒక ఆట ఉందో లేదో ఏ సర్వే చెప్పాలి? ఇంటి చాకిరీకి వేతనం గురించి మనం వాదించాం. ఖాళీ సమయం గురించి గొంతు పెంచలేదు. అడగడానికే సిగ్గుపడ్డాం.

ఆట చిన్న విషయమని నమ్మేవాళ్ళకి లిజ్జీ మేగీ గురించి చెప్పాలి. చిన్నప్పుడు మనం 'బిజినెస్' అని ఆడిన ఆట, బొంబాయి కొనుక్కుని కలకత్తా తాకట్టు పెట్టిన ఆట, అమెరికా మోనోపలీకి మన నకలు. దానికి మూలం స్టెనోగ్రాఫర్‌గా పనిచేసిన ఈమె 1904లో పేటెంటు పొందిన 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్'. భూమిని కొందరు గుప్పిట్లో పెట్టుకుంటే మిగతావాళ్ళ గతేమిటో ఆడి తెలుసుకోమని చేసిన ఆట అది. ఒంటరి ఆడదాని జీతంతో బతకడమెంత కష్టమో చెప్పడానికి 1906లో తనని తానే బానిసగా వేలానికి పెట్టుకుంటూ పత్రికలో ప్రకటన ఇచ్చిన మనిషి. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె పేటెంటుని 500 డాలర్లకి కొనేసింది. పెట్టె మీద కీర్తి చార్లెస్ డారో అనే అతనికి దక్కింది. 1948లో ఆమె పోయేనాటికి ఆ సంగతి తెలిసినవాళ్ళే తక్కువ. మేగీ దగ్గర పేటెంటు కాగితం ఉంది కాబట్టి దశాబ్దాల తర్వాతైనా దొరికింది. వామనగుంటల పీటకి కాగితం ఎక్కడిది?

తమిళనాట ఇదే పీట మీద ఒంటరిగా ఆడుకునే పద్ధతి ఒకటి ఉంది. దానికి సీత పేరు పెట్టారు. అశోకవనంలో ఎదురుగా కూర్చునే మనిషి లేక అలా ఆడుకుందని చెబుతారు. ఆ మాట విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ జనవరిలో డల్లాస్ ఆమె వచ్చింది. ఆరేళ్ళ తర్వాత నలుగురం ఒకే పటం చుట్టూ అనంతపురంలో కూర్చున్నాం. మొదట కాసేపు మాకే వింతగా ఉంది. గవ్వల చప్పుడూ గవ్వలూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్ళూ తెర మీద నుదుటి దాకానే కనిపించిన మనిషికి పాపిట్లో అంత నెరుపు ఉందని అప్పుడే చూశాను. నా చెయ్యి దొంగతనంగా ఇంకో గడికి జరిగితే గట్టిగా ఒక్కటిచ్చారు, వీడియోలో ఆ భాగ్యం లేదు. వంటింట్లో వాళ్ళమ్మ, డెబ్బై దాటిన మనిషి, మాకోసం ఉగ్గాణి చేస్తోంది. నాలుగోసారి నవ్వులు వినబడేసరికి గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. పటంకేసి చూసి "ఇదేం ఆట, పులీమేకా గీయండి" అంది. గీశాం. ఉగ్గాణి మా స్నేహితురాలి భర్త దించాడు, కొంచెం మాడింది. ఆవిడ పులుల వైపు కూర్చుంది. మేం నలుగురం కలిసి మేకలు. అరగంటలో ఏడు మేకలు తినేసింది. ఎనిమిదోదాన్ని చంపబోతూ ఆగి, మా నలుగురి మొహాలూ చూసి, "చూసుకోండమ్మా, మళ్ళీ అనలేదనొద్దు" అంది. పని పిలవకుండా ఒక ఆట చివరిదాకా ఆడటం తనకిదే మొదటిసారని తర్వాత చెప్పింది.

సదస్సు వాళ్ళకి నిన్న ఉత్తరం రాశాను. బాలసాహిత్యం సమావేశంలో నా పత్రం చదవను, స్త్రీల సంస్కృతిలో చోటిస్తే వస్తాను, వస్తే ఒక పీట, డెబ్బై చింతపిక్కలు వెంట తెస్తాను, నాకెదురుగా కూర్చోవడానికి అధ్యక్షురాలి గారినే పంపండి అని. ఇంకా జవాబు రాలేదు. ఈ శనివారం నా కాయలు రెండు పండాయి, మూడోది బయటి గళ్ళలో విశాఖ కాయకి ఒక్క గడి ముందుంది. వంతు దానిది.